తండ్రి ఇచ్చిన ప్రశ్న

మీర్‌పేటలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల పెద్ద చెరువు ఉన్నది. సాయంకాలం కళాశాల నుండి వచ్చిన తరువాత ఆ గట్టు వెంట కాసేపు నడవడం నాకు అలవాటు. మొన్నొకనాడు మా వీధి అమ్మాయి ఒకతె, ఉపాధ్యాయ శిక్షణ పరీక్షకు చదువుకుంటున్న పిల్ల, పుస్తకం చేత పట్టుకొని నాతో పాటు నడిచినది. ఆమె చదువుతున్నది శిశువికాసం, మూర్తిమత్వం అనే పాఠం. అచిత్తు, అహం, అధ్యహం అనే మూడు మాటలకు నిర్వచనాలు, శైశవం నుండి యౌవనం వరకు మనసు దాటవలసిన దశల పట్టిక, రక్షకతంత్రాల జాబితా, అన్నీ ఆమెకు కంఠస్థమే. అయితే వియన్నా నగరంలో ఒక వైద్యుడు తన రోగులను చూచి వ్రాసిపెట్టిన సంగతులు మన పల్లెలో పెరిగిన పిల్లవానికి ఎంతవరకు వర్తిస్తాయని ఆమె సందేహం. పరీక్షలో ఈ ప్రశ్న రాదు గాని, రావలసిన ప్రశ్నే.

ఆమెకు జవాబుగా నేను సిద్ధాంతం చెప్పలేదు. ఒక తెలుగు రచయిత జీవితం చెప్పాను. గట్టు మీద దీపాలు వెలిగేసరికి కథ సగమైనా కాలేదు. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఉపకరించగలదనే తలంపుతో ఆనాడు చెప్పినదీ, చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. ఆ రచయిత త్రిపురనేని గోపీచంద్. ‘అసమర్థుని జీవయాత్ర’ వ్రాసి తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు దారి వేసినవారు.

గోపీచంద్ 1910 సెప్టెంబరు 8వ తేదీన కృష్ణాజిల్లాలో గుడివాడకు సమీపాన ఉన్న అంగలూరులో జన్మించారు. తల్లి పున్నమ్మగారు. తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. ఈ తండ్రి పేరు ఎత్తకుండా ఆ కొడుకు కథ మొదలుపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆయన బాల్యపు చిక్కంతా అందులోనే ఉన్నది. రామస్వామిగారు 1887లో రైతు కుటుంబంలో పుట్టారు. సంసారి అయిన తరువాత, 1911లో, బందరు నోబుల్ కళాశాలలో చేరి చదువు సాగించారు. అంతటితో తృప్తి పడక 1914లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరానికి ఓడ ఎక్కారు. అప్పటికి గోపీచంద్‌కు నాలుగేళ్ళు. తండ్రి తిరిగి వచ్చినది 1917లో. అప్పటికి ఏడేళ్ళు.

ఈ నాలుగు, ఏడు అనే అంకెలను మనోవిజ్ఞానం చదివిన వారెవరూ ఊరికే దాటిపోలేరు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1856లో పుట్టి 1939లో గతించిన వైద్యుడు. మనిషి స్వభావపు పునాదులు మొదటి అయిదారేళ్ళలోనే పడతాయనీ, అందులోనూ మూడు నుండి ఆరేళ్ళ వరకు మగపిల్లవాడు తల్లి ప్రేమకు తండ్రిని పోటీదారుగా తలచి, భయపడి, చివరకు ఆ తండ్రినే ఆదర్శంగా తనలోనికి తీసుకుంటాడనీ ఆయన భావించాడు. అలా లోపల ప్రతిష్ఠితమైన తండ్రి గొంతుకే అధ్యహం. తప్పు చేయబోతే మందలించేది, చేసిన తరువాత దండించేది అదే. ఇప్పుడు అంగలూరుకు వద్దాం. పోటీకి రావలసిన తండ్రి ఇంట్లో లేడు. సముద్రాలకు ఆవల ఉన్నాడు. ప్రపంచయుద్ధం సాగుతున్నది, ఉత్తరం రావడమే గగనం. ఎదుట ఉన్న తండ్రి కోప్పడతాడు, నవ్వుతాడు, అలసి పడుకుంటాడు, ఒక్కొక్కప్పుడు ఓడిపోతాడు కూడాను. ఎదుట లేని తండ్రి మాత్రం ఎన్నడూ ఓడిపోడు. పెద్దల మాటల్లో, పసివాని ఊహలో అతడు రోజురోజుకూ పెరుగుతూనే ఉంటాడు. ఫ్రాయిడ్ పట్టిక ఈ పిల్లవాని విషయంలో అక్షరాలా వర్తించదు. తండ్రి గొంతుక లోపల స్థిరపడుతుందన్న మాట మాత్రం, నా ఉద్దేశంలో, మరింత బలంగా వర్తిస్తుంది.

పట్టికను అక్షరాలా తీసుకోనక్కరలేదని మనవారు ఆనాడే గ్రహించారని కూడా ఆ అమ్మాయికి చెప్పాను. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర బోసు ఫ్రాయిడ్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, తాను చూచిన భారతీయ రోగుల మనసులో తండ్రిని గూర్చిన భయం ఐరోపావారిలో కనిపించినంతగా కనిపించడం లేదని తన భేదాభిప్రాయాన్ని నిస్సంకోచంగా తెలిపారు. శాస్త్రాన్ని గౌరవించడమంటే దానితో వాదించడమే.

రామస్వామిగారు న్యాయవాదియై తిరిగి వచ్చారు. ఆ తరువాత తెనాలిలో స్థిరపడి తమ నివాసానికి సూతాశ్రమమని పేరు పెట్టుకున్నారు. పురాణాలు చెప్పే సూతుని పేరు పెట్టుకొని పురాణాలను ప్రశ్నించడం ఆయన చమత్కారం. ‘సూతపురాణం’ ఆ ప్రశ్నల గ్రంథమే. తపస్సు చేసిన శూద్రుని తల తీయడం ధర్మమెట్లా అవుతుందని ‘శంబుకవధ’ నాటకంలో అడిగారు. పెండ్లి మంత్రాలు పెండ్లివారికి అర్థం కావాలని తెలుగులో ‘వివాహవిధి’ వ్రాసి, తామే స్వయంగా పెండ్లిళ్ళు జరిపించారు. పురపాలక సంఘాధ్యక్షులై గంగమ్మ జాతరలో జంతుబలిని ఆపించారు. ఆ ఇంట్లో ఏ సంగతీ పెద్దలు చెప్పారు గనుక నిజమని ఒప్పుకునే ఆచారం లేదు. ఎందుకని అడగాలి. అడిగిన తరువాత వచ్చిన సమాధానాన్ని కూడా ఎందుకని అడగాలి.

నేటి ఉపాధ్యాయులకు ఇది ఆదర్శ గృహంగా తోచవచ్చును. ఒక విధంగా ఆదర్శమే. కాని ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు ఇంట్లోనే ఉండిపోడు గదా! బడికి వెళ్ళాలి, వీధిలో ఆడుకోవాలి. అక్కడ తోటిపిల్లలకు పిలకలున్నవి, ఇతనికి లేదు. పిలక ఏమైనదని వారు గేలి చేసేవారు. నాస్తికుని కొడుకన్న పేరు ముందు నడిచేది, పిల్లవాడు వెనుక నడిచేవాడు. పెద్దవారికి నాస్తికత్వం ఒక నిర్ణయం; తర్కించి, చదివి, నలుగురితో వాదించి తెచ్చుకున్నది. పిల్లవానికి అది తల మీద లేని పిలక. తండ్రి చేసిన తిరుగుబాటుకు వీధిలో జవాబు చెప్పవలసి వచ్చినది కొడుకు.

ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రకటించిన బాల్యమూ సమాజమూ అనే గ్రంథంలో ఆరు నుండి పన్నెండేళ్ళ వరకు గల దశకు శ్రమశీలత, న్యూనత అనే రెండు ధ్రువాలను చెప్పాడు. ఈ వయసు పిల్లవాడు పని నేర్చుకొని, నలుగురిలో ఒకడనిపించుకొని, నేను చేయగలనన్న ధైర్యం తెచ్చుకోవాలి. అలా కాక నేను అందరివంటి వాడను కానన్న భావం పడితే అది లోపల ముల్లై మిగులుతుంది. తరగతి గదిలో మనం చూచే పిల్లలందరూ సరిగా ఈ వయసువారే. ఒకడు మాట్లాడడు, ఒకడు అతిగా మాట్లాడతాడు, ఒకడు ఊరికే తగవు పెట్టుకుంటాడు. ముల్లు మాత్రం ఒకటే కావచ్చును.

దీనికి తోడు తల్లి మరణం. పున్నమ్మగారు గోపీచంద్ బాల్యంలోనే కన్నుమూశారు. తండ్రి పునర్వివాహం చేసుకున్నారు. అంతకన్న ముఖ్యంగా, ఉద్యమంలో మునిగిపోయారు. ఊరందరికీ తండ్రి అయినవారు సొంత పిల్లలకు మిగిలే భాగం ఎప్పుడూ తక్కువే. ఇది రామస్వామిగారిని నిందించడానికి అంటున్న మాట కాదు, మన సంస్కర్తల ఇండ్లు చాలవాటిలో కనిపించే సత్యం. చిన్ననాట తల్లి నుండి ఎడబాటు పిల్లల మనసును ఎట్లా గాయపరుస్తుందో జాన్ బౌల్బీ అనే ఆంగ్ల వైద్యుడు ప్రపంచ ఆరోగ్యసంస్థ కోసం 1951లో ఒక నివేదిక వ్రాశాడు. ఆనాటి తెనాలిలో అటువంటి నివేదికలు లేవు. తల్లి లేని పిల్లవాడని జాలిపడే బంధువులు ఉన్నారు. ఆ జాలిలోనే తండ్రి నమ్మకాల మీద దెబ్బలూ ఉన్నవి. ఇంటి బాధ్యతలు చిన్న వయసులోనే ఆ పిల్లవాని తల మీద పడ్డవి. దైవాన్ని తలచుకుని ఊరడిల్లడం ఆ ఇంటి పద్ధతి కాదు. ఎందుకన్న ప్రశ్న తల్లి చావుకు జవాబు ఇవ్వదు.

ఆయన చదువు, యౌవనం త్వరగా చెప్పుకోవచ్చును. 1932లో శకుంతలాదేవిని వివాహమాడారు. పట్టభద్రులై, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, తండ్రి వలెనే న్యాయవాద వృత్తి చేపట్టారు. కొంతకాలమే. ఆ నల్లకోటు ఆయనకు పట్టలేదు. తండ్రి తొడుక్కున్న చొక్కా కొడుకు తొడుక్కుని చూచి విప్పివేయడమన్నది కుటుంబాలలో కొత్త సంగతి కాదు. తరువాత మార్క్సు సిద్ధాంతం ఆకర్షించినది. అక్కడా నిలువలేదు. మానవేంద్రనాథ రాయ్ మానవవాదం వైపు మొగ్గి, రాయ్ 1940లో స్థాపించిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రశాఖ కార్యదర్శిగా పనిచేశారు. చలనచిత్ర రంగంలో 1939లో ‘రైతుబిడ్డ’కు సంభాషణలు వ్రాయడంలో పాలు పంచుకున్నారు; 1950 నుండి ‘లక్ష్మమ్మ’, ‘పేరంటాలు’, ‘ప్రియురాలు’ చిత్రాలకు దర్శకత్వం వహించారు. సినిమా ఆయనకు ధనం తెచ్చిపెట్టలేదు. ఆయన కథలలో ఊరిపట్టు జనం, భార్యాభర్తలు, మమకారాలు, మోసాలు ఉన్నవి. వాటిని గురించి వేరే వ్యాసం వ్రాయవలసి ఉంటుంది.

1943 జనవరి 16న రామస్వామిగారు కాలధర్మం చెందారు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే వెలువడినది ‘అసమర్థుని జీవయాత్ర’. ఎందుకన్న ప్రశ్న నేర్పిన తండ్రికి ఆ నవలను గోపీచంద్ అంకితమిచ్చారు. ఈ వరుసను గమనించమని కోరుతున్నాను. మొదట తండ్రి మరణం. తరువాత, మరణించిన తండ్రి మాటకు బలి అయిపోయిన ఒక కొడుకు కథ. ఆ కథకు ముందు తన సొంత తండ్రికి అంకితం. ఇంతకన్న స్పష్టంగా ఒక రచయిత తన గుండెను పుస్తకం అట్ట మీద పెట్టిన సందర్భం తెలుగులో నాకు వెంటనే స్ఫురించడం లేదు.

నవలలో సీతారామారావు కలిగిన ఇంట పుట్టినవాడు. తండ్రి చనిపోతూ వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని చెప్పి పోతాడు. అంతే. ఆ ఒక్క మాట కొడుకు తల మీద కొండగా కూర్చుంటుంది. ప్రతిష్ఠ అంటే ఏమిటి, ఎవరి కోసం, ఏ ధరకు అని అతడు అడగడు. అడగడం అతనికి తెలియదు. చేయి చాచినవారికి ఇస్తాడు. అది దయ అనుకుంటాడు గాని, లేదనడం చేతగాక ఇస్తున్నానని ఒప్పుకోడు. ఆస్తి కరిగిపోతుంది. ఉద్యోగంలో చేరితే పైవారి మాట పడదు. లోకమంతా తనకు ద్రోహం చేస్తున్నదని తోస్తుంది. బయట ఎదిరించలేని కోపం ఇంటికి మోసుకొని వచ్చి భార్య ఇందిర మీద, కన్నకూతురి మీద చేయి చేసుకుంటాడు. చేసిన మరుక్షణం లోపలి న్యాయాధికారి విచారణ మొదలవుతుంది. మనిషి సంఘంలో భాగమై బ్రతకాలని రామయ్యతాత ఎన్నివిధాల చెప్పినా ఆ మాట చెవి దాకా వస్తుంది, లోపలికి పోదు. చివరకు అర్ధరాత్రి శ్మశానంలో తన చేతులతో తననే నాశనం చేసుకుంటాడు.

ఉపాధ్యాయ శిక్షణ పుస్తకంలోని జాబితాను ఈ కథ పక్కన పెట్టి చూడండి. లేదనలేని బలహీనతకు ఔదార్యమని పేరు పెట్టుకోవడం హేతుకీకరణం. తనలోని దోషం లోకంలో చూడడం ప్రక్షేపణం. అధికారి మీది కోపం పసిపిల్ల వీపు మీద తీర్చుకోవడం విస్థాపనం. నిర్వచనాలుగా చదివినప్పుడు నిర్జీవంగా ఉన్న ఈ మాటలు నవలలో నెత్తురు కారుతూ కనిపిస్తవి. ఫ్రాయిడ్‌తో విభేదించి 1911లో విడిపోయిన ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ మనిషిని నడిపే ప్రధానశక్తి న్యూనతాభావమేననీ, దానిని పూరించుకోవడానికి చేసే ప్రయత్నమే స్వభావమనీ అన్నాడు. తనకంటె ఎత్తయిన కొలతతో నిత్యం కొలవబడిన పిల్లవాడు నిజంగానే పొట్టివాడనని నమ్ముతాడు. ఆ తరువాత గొప్ప నటిస్తాడు, లేదా మూల కూర్చుంటాడు. సీతారామారావు రెండూ చేశాడు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోతే నిజాయితీ కాదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఈ నవలనే తరగతిలో పాఠం చెబుతూ, ప్రశ్నకు జవాబు చెప్పలేక నిలబడిన ఒక కుర్రవాణ్ణి అందరి ముందు అసమర్థుడని పిలిచాను. తరగతి నవ్వినది. సమయోచితంగా నవల పేరు వాడానని నాకు కూడా లోలోపల సంతోషం కలిగినది. ఆ సంవత్సరమంతా స్నేహితులు ఆ కుర్రవాణ్ణి ఆ పేరుతోనే పిలిచారట. అతడు వెనుక బల్లకు మారాడు. పరీక్ష దగ్గరపడే వేళకు రావడమే మానివేశాడు. ఎక్కడున్నాడో నాకు తెలియదు. సీతారామారావు తండ్రి చనిపోతూ ఒక్క మాట అన్నాడని పాఠం చెబుతున్న నోటితోనే నేను మరొక్క మాట అన్నాను. ఆ నవల మళ్ళీ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ వెనుక బల్ల వైపు చూపు పోతుంది.

మళ్ళీ గోపీచంద్ వద్దకు వస్తాను. సీతారామారావు గోపీచందేనని అనేవారు ఆనాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. నాకు అది సగం నిజమనే తోస్తుంది. ఇద్దరూ పెద్ద పేరుగల తండ్రుల కొడుకులే. ఇద్దరి లోపలా తండ్రి గొంతుక చావలేదు. కాని ఇద్దరి వారసత్వాలలో ఒక భేదం ఉన్నది. నవలలోని తండ్రి కొడుకుకు ఒక ఆజ్ఞ ఇచ్చి పోయాడు. రామస్వామిగారు తమ కొడుకుకు ఒక ప్రశ్న ఇచ్చి పోయారు. ఆజ్ఞను పాటించాలి, లేదా ధిక్కరించాలి. పాటించలేక, ధిక్కరించలేక ఉన్నవాడు నలిగిపోతాడు. ప్రశ్నను అట్లా కాదు, తిప్పి వేయవచ్చును. ఇచ్చినవాని మీదనే వేయవచ్చును. పిలక లేనందుకు వీధిలో ఏడిపించిన ఆ వారసత్వమే, ముప్పై అయిదేళ్ళ వయసులో, తనలోని అసమర్థుణ్ణి ఎదుట కూర్చోబెట్టి ఎందుకిట్లా అయినావని అడిగే శక్తినిచ్చినది. రోగి మాట్లాడుతుండగా వైద్యుడు వింటాడు. అది మనోవిశ్లేషణ పద్ధతి. గోపీచంద్ విషయంలో మాట్లాడినవాడూ విన్నవాడూ ఒక్కడే. సీతారామారావు మరణించాడు గనుక గోపీచంద్ బ్రతికాడని అంటే అతిశయోక్తి కావచ్చును గాని, అసత్యం కాదని నా నమ్మకం.

దాదాపు ఆ కాలంలోనే, 1946-47లో, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవల వెలువడినదనే సంగతి యాదృచ్ఛికమని తోసిపుచ్చలేము. అందులో దయానిధిని జీవితమంతా వెన్నాడేది తల్లిని గూర్చి లోకం చెప్పుకున్న అపవాదు. ఒక నవలలో తండ్రి మాట, మరొక నవలలో తల్లి పేరు. అంతవరకు తెలుగు నవల సంఘాన్ని, ఆచారాలను, దేశాన్ని చూచినది. ఈ ఇద్దరూ దానిని పిల్లవాని ఉయ్యాల దాకా వెనక్కి నడిపించారు. బుచ్చిబాబు నవలలో కవిత్వం ఎక్కువ. గోపీచంద్ నవలలో దాక్షిణ్యం తక్కువ. సీతారామారావు మీద పాఠకునికి జాలి కలగబోయే ప్రతి చోటా రచయిత ఒక ఎత్తిపొడుపు మాటతో ఆ జాలిని చెదరగొడతాడు. తన మీద తనకు జాలి కలగకుండా కాచుకున్న మనిషి చేయి అది.

అయితే ఈ వివరణలన్నిటికీ ఒక హద్దు ఉన్నది. తల్లి పోవడం, తండ్రి పేరు పెద్దది కావడం, తోటివారు గేలి చేయడం, ఇవి ఎంతోమంది పిల్లలకు జరిగినవి. వారందరూ నవలలు వ్రాయలేదు. బాల్యం మనిషికి ఏమి బరువు ఎత్తినదో మనోవిజ్ఞానం చెప్పగలదు. ఆ బరువుతో అతడు ఎటు నడిచాడో చెప్పలేదు. అది తెలుసుకోవడానికి జీవితచరిత్ర చదవాలి. ఈ హద్దును ఆ అమ్మాయి నాకన్న ముందే కనిపెట్టినది: మరి అదే ఇంట్లో మరొక బిడ్డ మరొక విధంగా ఎందుకు పెరుగుతాడని అడిగినది. నా దగ్గర జవాబు లేదు.

జీవితపు రెండవ భాగంలో గోపీచంద్ నడిచిన దారి ఆయన మిత్రులను చాలామందిని ఆశ్చర్యపరచినది. ప్రభుత్వ సమాచారశాఖలోనూ, చివరి సంవత్సరాలలో ఆకాశవాణిలోనూ పనిచేశారు. ‘తత్త్వవేత్తలు’ పేర లోకంలోని తాత్త్వికులను తెలుగువారికి పరిచయం చేశారు. హేతువాది కొడుకు, మార్క్సును చదివినవాడు, రాయ్ అనుచరుడు, చివరకు అరవిందుని యోగదర్శనం వద్దకు చేరాడు. తండ్రికి ద్రోహం చేశాడని కొందరన్నారు. చిన్ననాడు దొరకని తల్లి ఒడిని వెదుక్కున్నాడని మనోవిశ్లేషకుడు అనవచ్చును. ఆ మాటలో ఆకర్షణ ఉన్నది గాని, ఒక మనిషి నలభై ఏళ్ళ ఆలోచనను ఒక్క లోటుగా కుదించడం నాకు న్యాయంగా కనబడదు. నాకు తోచినది ఇది. ఎందుకన్న ప్రశ్నకు హద్దు లేదని నేర్పినది తండ్రే. దేవుణ్ణి ఎందుకు నమ్మాలని తండ్రి అడిగాడు. నమ్మకపోవడంతో ప్రశ్న ఎందుకు ఆగిపోవాలని కొడుకు అడిగాడు. అరవిందుడు చెప్పినదంతా నేను అంగీకరిస్తున్నానని కాదు. అడగడం మానకపోవడమే ఇక్కడ గమనించవలసినది. అక్కడికి చేరిన తరువాత కూడా ఆయన కలం తండ్రిని తూలనాడలేదు.

ఆ దశలో వ్రాసిన పెద్ద నవల ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’. ఆ పేరు చూడండి. వీలునామా అంటే పోతూ పోతూ పెద్దవాడు వదలిపెట్టే మాట. పదిహేనేళ్ళకు ముందు ఒక తండ్రి చివరి మాట కొడుకును చంపిన కథ వ్రాసిన రచయిత, మళ్ళీ ఒక పెద్దవాని చివరి మాట చుట్టూనే నవల అల్లాడు. ఈసారి ఆ మాట ఉరిత్రాడు కాలేదు. ఆయన తనకు తెలియకనే ఆ వస్తువుకు తిరిగి వచ్చాడో, తెలిసే వచ్చాడో నిర్ణయించడం నా తరం కాదు. ఒకే ముడిని రెండుసార్లు విప్పడానికి కూర్చున్న చేతిని మాత్రం గుర్తుపట్టగలను.

1962 నవంబరు 2వ తేదీన గోపీచంద్ పరమపదించారు. యాభై రెండేళ్ళు నిండి రెండు మాసాలైనా కాలేదు; తండ్రి బ్రతికిన వయసు కూడా ఆయనకు దక్కలేదు. మరుసటి సంవత్సరం, 1963లో, ఆ వీలునామా నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. ఒక తెలుగు నవలకు ఆ గౌరవం లభించడం అదే మొదలు. అందుకోవడానికి ఆయన లేరు.

ఆ అమ్మాయి గ్రంథాలయం నుండి ‘అసమర్థుని జీవయాత్ర’ తెచ్చుకున్నదట. నిన్న గట్టు మీద కనిపించినప్పుడు మూడవ వంతు చదివానన్నది. సీతారామారావు మీద ఆమెకు చాలా కోపంగా ఉన్నది. ఆ ఇంటి చిన్నపిల్లకు తరువాత ఏమైనదో గోపీచంద్ ఎక్కడైనా వ్రాశారా అని అడిగినది.